యంత్రశ్రుతి నెరిగిన కమ్మరి బిడ్డ

క్రొత్త వస్తువును సృష్టించినవానిని లోకము కీర్తించును. చెడిన వస్తువును బాగుచేసినవానికి కూలి యిచ్చి పంపివేయును. గడియారములు బాగుచేయువాడు వీథి మలుపున చిన్న బల్ల ముందు కూర్చుండును. సైకిళ్ళు బాగుచేయువాడు చెట్టునీడను కూర్చుండును. వారి పేర్లు మనకు తెలియవు. తెలిసికొనవలెనను తలంపును మనకు కలుగదు. పాఠశాలలో మనము బాలురకు చెప్పు జీవితకథలలో మహారాజులు, మహాకవులు, దేశభక్తులు, శాస్త్రజ్ఞులు ఉందురు గాని మరమ్మతు చేయువాడు సాధారణముగా ఉండడు. అట్టివాని జీవితము కూడ బాలురకు చెప్పదగినదే యని నిరూపించినవాడు జపాను దేశీయుడగు సోయిచిరో హోండా. నేడు ఆ పేరు మోటారు సైకిళ్ళ మీదను, కార్ల మీదను లోకమంతట కనబడుచున్నది. కాని ఆ పేరు ధరించిన మనుష్యుడెవరో, ఆయన చేతులు ఏ బడిలో చదువుకొన్నవో ఎరిగినవారు తక్కువ.

1906 నవంబరు 17వ తేదీన జపానులోని షిజువోకా మండలమున, కోమ్యో అను గ్రామమున ఆయన జన్మించెను. ఆ ప్రాంతము నేడు హమమత్సు నగరములో చేరియున్నది. తండ్రి గిహెయి కమ్మరి. తల్లి మికా నేతపని యెరిగిన ఇల్లాలు. ఇంట సిరి లేదు, కొలిమి యున్నది. కొంతకాలమునకు తండ్రి సైకిళ్ళ దుకాణము పెట్టి, పాడైన సైకిళ్ళను బాగుచేసి అమ్మసాగెను. పనికిరాదని పరులు పారవేసినదానికి ప్రాణము పోయవచ్చునను సంగతిని ఆ బాలుడు ఓనమాలతోపాటు నేర్చెను. కొలిమి మసితో ఎల్లప్పుడు నల్లగానుండు వాని ముఖమును చూచి తోడి బాలురు నల్లముక్కువాడని పరిహసించెడివారు.

అక్షరములకంటె ముందు ఆ బాలునికి ధ్వని పరిచయమయ్యెను. ఊరికి కొంత దూరమున ఒక బియ్యపు మర యుండెను. దానిని నడపు ఇంజను చేయు టపటప శబ్దమును వినుటకై తాత వానిని వీపున మోసికొని పోవుచుండెను. మరికొంత కాలమునకు ఆ ఊరికి మొట్టమొదటి మోటారు కారు వచ్చెను. బాలుడు దాని వెంట పరుగిడి, అది నిలిచిన చోట నేలపై కారిన నూనెను వాసన చూచి మురిసిపోయెను. హమమత్సులో విమాన ప్రదర్శన జరుగునని విని, ఇంట చెప్పక తండ్రి సైకిలు తీసికొని, జీనుపై కూర్చుండ కాళ్ళు అందక, చట్రము నడుమ కాలు దూర్చి త్రొక్కుచు పోయెను. లోపలికి పోవుటకు చేతనున్న డబ్బు చాలలేదు. ప్రక్కనున్న దేవదారు చెట్టెక్కి కొమ్మలలో దాగి విమానమును చూచి తిరిగివచ్చెను.

బడిలో అతడు మంచి విద్యార్థి కాడు. మార్కుల పత్రముపై తండ్రి తన ముద్ర వేసి పంపవలెనని నియమము. మార్కులు చూపుటకు భయపడి, బాలుడు సైకిలు పెడలుపై నుండు రబ్బరును చెక్కి ఇంటిపేరుతో ముద్ర తయారుచేసెను. అది చక్కగా సాగెను. తోడివారికి సైతము అట్లే చేసి యిచ్చినంతట గుట్టు బయటపడెను. ముద్రపై అక్షరములను తిరగవేసి చెక్కవలెనన్న సంగతి వానికి తెలియదు. తన ఇంటిపేరు జపాను లిపిలో కుడియెడమలు సమానముగా నుండుటచే తనకు చెల్లినది. ఇతరుల పేర్లు అట్లు లేవు. ఉపాధ్యాయులు ఈ కథకు నవ్వవచ్చును. కాని చేయి ముందు నడచుట, శాస్త్రము వెనుకనుండి వచ్చి తప్పు చూపుట అను ఈ క్రమమే ఆయన జీవితమున మరల మరల కనబడును.

1922లో, పదునైదేండ్ల వయస్సున, అతడు టోక్యో నగరమునకు పోయి ఆర్ట్ షోకాయి అను మోటారు మరమ్మతు శాలలో పనిపిల్లవాడుగా చేరెను. చేరినంత మాత్రమున పానా చేతికి రాలేదు. తొలి యారు మాసములు యజమాని శిశువును ఎత్తుకొని ఆడించుటయు, నేల ఊడ్చుటయు అతని పనులైనవి. ఇంటికి పారిపోదమని ఎన్నియో సారులు తలచి, తండ్రి ముఖము తలచుకొని ఆగిపోయెను. ఒక మంచు దినమున పని మిక్కిలి యెక్కువై, యజమాని వానిని పిలిచి కారు క్రిందికి దూరుమనెను. తడినేలపై పరుండి తొలిసారి ఇంజనును క్రిందినుండి చూచిన ఆ దినమును ఆయన జీవితాంతము మరువలేదు.

మరుసటి యేట, 1923 సెప్టెంబరు 1వ తేదీన, టోక్యో ప్రాంతమును మహాభూకంపము నేలమట్టము చేసెను. మంటలు శాలను చుట్టుముట్టగా, అంతవరకు కారు నడిపి యెరుగని ఆ యువకుడు ఒక కారును నడిపించుకొని సురక్షిత స్థలమునకు చేర్చెను. తరువాతి మాసములలో ఆ శాలవారు అగ్నికి కాలిన కార్లను బాగుచేసి మరల రోడ్డెక్కించిరి. కాలి వంగిన ఇనుమును సరిచేయుట, కాలిపోయిన కొయ్య ఆకులను మరల చెక్కి చక్రములకు అమర్చుట అతనికి అప్పుడే అలవడెను. యజమాని సకకిబారా పందెపు కార్లయందు ప్రీతి కలవాడు. పాత విమానపు ఇంజను నొకదానిని కారు చట్రమున బిగించి వారు తయారుచేసిన బండి 1924 నవంబరులో జరిగిన పందెమున ప్రథమ స్థానము పొందెను. నడిపినవాడు యజమాని తమ్ముడు. ప్రక్కన కూర్చున్న యంత్రకారుడు హోండా.

1928లో యజమాని అనుమతితో ఆయన హమమత్సులో ఆ శాలకు శాఖ తెరచెను. కొయ్య ఆకులు అగ్నిలో కాలుట చూచినవాడగుటచే, పోత ఇనుపతో చక్రపు ఆకులు తయారుచేసి పేటెంటు హక్కు పొందెను. 1935లో సాచి అను యువతిని వివాహమాడెను. 1936 జూనులో టమగావా నదీతీరమున జరిగిన పందెమున తాను తీర్చిదిద్దిన కారును తానే నడిపెను. అడ్డువచ్చిన వేరొక కారును తాకి ఆయన బండి గాలిలో ఎగిరి తలక్రిందయ్యెను. ఆయనకును, ప్రక్కన కూర్చున్న తమ్మునికిని గాయములు తగిలెను.

మరమ్మతు పని ఎంత చేసినను అది పరుల వస్తువును నిలబెట్టుటయే. తనదని చెప్పుకొను వస్తువును చేయవలెనని ఆయనకు కోరిక పుట్టెను. పిస్టను రింగును ఎంచుకొనెను. ఇంజను గొట్టములో పైకి క్రిందికి ఆడు పిస్టను చుట్టు గాడిలో కూర్చుండు సన్నని వలయమది. మండిన వాయువు క్రిందికి జారకుండను, క్రింది నూనె పైకి ఎక్కకుండను అది కాపాడవలెను. చూచుటకు ఉంగరమంత సులభము, చేయుటకు మహాకష్టము. రేయింబవళ్ళు పోత పోసినను ఆయన రింగులు గాజువలె విరిగిపోయెను. తుదకు హమమత్సులోని సాంకేతిక విద్యాలయమునకు పోయి అడుగగా, లోహములో సిలికాను చాలలేదని తేలెను. అంతటి చిన్న సంగతిని తన చేతులు ఎన్నటికిని కనుగొనజాలవని ఆయన గ్రహించెను. ముప్పదియేండ్లు దాటిన ఆ శాలాధిపతి తనకంటె ఎంతో చిన్నవారగు విద్యార్థుల నడుమ కూర్చుండి లోహశాస్త్రము వినెను. తనకు కావలసిన పాఠములు మాత్రమే విని, పరీక్షలు వ్రాయనందున విద్యాలయమువారు ఆయన పేరు తీసివేసిరి. ఆయన దానికి చింతింపలేదు. పట్టము కొరకు కాదు, రింగు కొరకు ఆయన చేరినది.

అయినను విజయము వెంటనే రాలేదు. టొయోటా సంస్థకు పరీక్షార్థము ఇచ్చిన 50 రింగులలో 3 మాత్రమే నెగ్గినవని ప్రసిద్ధి. కొన్నియేండ్ల శ్రమ తరువాత ఆయన తోకాయి సెయికి అను సంస్థ మంచి రింగులు చేయగలిగెను. యుద్ధకాలమున పురుషులు సైన్యములకు పోగా, పని యెరుగని స్త్రీలు సైతము నడుపగల యంత్రములను ఆయన కల్పించెను. అంతలో అమెరికా బాంబులు ఒక కర్మాగారమును కూల్చెను. 1945 జనవరిలో వచ్చిన మికావా భూకంపము మరియొకదానిని పడవేసెను. ఆగస్టులో దేశమే ఓడిపోయెను. మిగిలినదానిని టొయోటాకు 4,50,000 యెన్లకు అమ్మి ఆయన ఏడాదికాలము ఏ పనియు పెట్టుకొనక కూర్చుండెను. స్నేహితులతో కూడి త్రాగుచు, షకుహాచి యను వెదురు వేణువు ఊదుచు కాలము గడపెను. ముప్పదితొమ్మిదేండ్ల వాడు, కట్టినదంతయు కూలినది, ఇక లేవడని అనుకొన్నవారు లేకపోలేదు.

ఇచ్చటనే ఆయన జీవితమునకు మలుపు. ఓడిన జపానులో రైళ్ళు క్రిక్కిరిసి యుండెను. బస్సులు తక్కువ. జనులు సైకిళ్ళపై దూరగ్రామములకు పోయి బియ్యము, కూరగాయలు మోసికొని వచ్చుచుండిరి. 1946లో ఒక మిత్రుని యింట హోండా ఒక చిన్న ఇంజనును చూచెను. యుద్ధకాలమున సైన్యపు వైర్‌లెస్ యంత్రములకు విద్యుత్తు అందించుటకై చేయబడినది అది. యుద్ధము ముగియగా ఎవరికిని అక్కరలేక మూలబడెను. దానిని చూచినంతనే, సైకిలుకు తగిలించినచో ఎట్లుండునని ఆయనకు తోచెను.

ఇంధనపు తొట్టి లేదు. ఇంటిలో చలికాలమున పడక వెచ్చజేయుటకు వాడు వేడినీటి సీసాయే తొట్టి అయ్యెను. మొదట దానిని నడిపి చూచినవారిలో భార్య సాచి యొకతె. నలుగురు చూడ ఊరి వీథులలో నడిపించి తిరిగివచ్చి, తన మంచి బట్టలన్నియు నూనె మరకలైనవని ఆమె ఫిర్యాదు చేసెను. హోండా నవ్వి ఊరకుండలేదు. నూనె కలిసిన ఇంధనము కార్బ్యురేటరు నుండి వెనుకకు చిమ్ముచున్నదని కనుగొని ఆ దోషమును సవరించెను. ఇల్లాలి బట్టపై పడిన మరకనుండి ఆయన ఇంజనులోని తప్పును చదివెను. మంచి యంత్రకారునికి ఫిర్యాదు అవమానము కాదు, అది పాఠము.

అట్టి సైన్యపు ఇంజన్లను సుమారు 500 ఆయన సేకరించెను. వానిని వచ్చినవి వచ్చినట్లు బిగించి అమ్మియుండవచ్చును. కొనువారు బారులు తీరియుండిరి. కాని హమమత్సులోని ఆ చిన్న షెడ్డులో ప్రతి ఇంజనును విప్పిరి, కడిగిరి, సవరించి మరల కూర్చిరి, నడిపి చూచి పిమ్మట అమ్మిరి. ఇన్ని వందల మారులు విప్పి కూర్చినవానికి ఆ ఇంజను యొక్క బలము, బలహీనత రెండును చేతివ్రేళ్ళకు తెలిసిపోవును. పాత సరకు అయిపోయిన నాడు, 1947లో, ఆయన తన సొంత ఇంజనును తయారుచేయగలిగెను. ఎ-టైపు అను పేరుగల 50 సి.సి. ఇంజను అది. పరుల ఇంజనును వందలసారులు బాగుచేసిన చేయియే సొంత ఇంజనును కన్నది. 1948 సెప్టెంబరు 24వ తేదీన 10 లక్షల యెన్ల మూలధనముతో హోండా మోటారు సంస్థ స్థాపితమయ్యెను.

1949లో తకెయో ఫుజిసావా అను వ్యాపారదక్షుడు ఆయనతో చేరెను. ఒకరు యంత్రము, ఒకరు ధనము చూచుకొనుటకు ఒప్పందమయ్యెను. ఒకరి పనిలో ఒకరు వ్రేలు పెట్టక ఇరువదినాలుగేండ్లు వారు కలిసి నడిచిరి. హోండా సంస్థ ముద్రను సైతము ఫుజిసావా చేతనే యుంచెను. 1951 జూలై 15వ తేదీన, తుపాను వానలో, క్రొత్తగా చేసిన డ్రీమ్ ఇ-టైపు బండిని హకోనె కనుమపై పరీక్షించిరి. పిస్టను నాలుగు మారులు కదలునంతలో ఒకసారి మండు నాలుగు స్ట్రోకుల ఇంజను అది, 146 సి.సి. పరిమాణము. నడిపినవాడు కియోషి కవాషిమా అను యువ ఇంజనీరు. వెనుక కారులో వచ్చుచున్న హోండా, ఫుజిసావాలు అతనిని అందుకొనలేకపోయిరి. శిఖరమున ముగ్గురును వానలో తడియుచు ఆనందముతో మైమరచిరి.

1952లో సంస్థ 45 కోట్ల యెన్ల విలువగల యంత్రములను విదేశములనుండి తెప్పించెను. అది మూలధనమునకు ఎన్నో రెట్లు. 1954 వచ్చునప్పటికి అమ్మకములు పడిపోయెను. ప్లాస్టిక్కు కవచముతో వెలువడిన జూనో స్కూటరు బరువెక్కువై, వేడెక్కి, జనులకు నచ్చలేదు. డ్రీమ్ బండ్లపై ఫిర్యాదులు వచ్చెను. దివాలా యనుమాట వినబడుచున్న ఆ మార్చి మాసముననే, బ్రిటను, ఐర్లండుల నడుమనున్న ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున జరుగు టూరిస్ట్ ట్రోఫీ పందెములలో తాము పాల్గొందుమని హోండా ప్రకటించెను. జూనులో స్వయముగా పోయి చూడగా, యూరపు బండ్లు అదే పరిమాణమున తన బండికి సుమారు మూడు రెట్ల బలము చూపుచుండెను. ఆయన నిశ్చేష్టుడయ్యెను. కాని ఊరక తిరిగి రాలేదు. గొలుసులు, టైర్లు, చక్రపు అంచులు, కార్బ్యురేటర్లు కొని మూటగట్టుకొని వచ్చెను. ఒక యూరపు కర్మాగారమున నేలపై పడియున్న అడ్డుగాడి స్క్రూ నొకదానిని జేబులో వేసికొని వచ్చెనని కూడ చెప్పుదురు. అప్పటివరకు జపానులో ఒంటిగాడి స్క్రూలను చేతితో త్రిప్పుచుండిరి. అడ్డుగాడి స్క్రూను యంత్రముతో క్షణములో బిగింపవచ్చును.

ఐదేండ్ల తరువాత, 1959లో, హోండా బండ్లు ఆ ద్వీపమున తొలిసారి పరుగిడెను. 125 సి.సి. తరగతిలో నవోమి తానిగుచి ఆరవ స్థానము పొందెను. తోడివారు 7, 8, 11 స్థానములు పొందిరి. జట్టు బహుమతి వారికే వచ్చెను. 1961లో 125, 250 సి.సి. తరగతులు రెంటను మొదటి ఐదు స్థానములు హోండా బండ్లవే. రెంటను గెలిచినవాడు మైక్ హెయిల్‌వుడ్.

పందెపు బండి పదిమంది కొరకు. సూపర్ కబ్ పదికోట్ల మంది కొరకు. 1958 ఆగస్టులో వెలువడిన ఈ చిన్న బండిని, అంగడి పిల్లవాడు ఒక చేత పలహారపు పళ్ళెము పట్టుకొని రెండవ చేత నడుపగలుగునట్లు, క్లచ్చి పిడి లేకుండ రూపొందించిరి. 2017 నాటికి ఆ జాతి బండ్లు పదికోట్లు తయారైనవి. 1985లో మన దేశమున వెలువడిన హీరో హోండా సి.డి. 100 ఇంజను కూడ ఆ వంశమునకు చెందినదే. మన పల్లెలలో అనేకులకు నాలుగు స్ట్రోకుల ఇంజను మెత్తని ధ్వనిని పరిచయము చేసినది ఆ బండియే.

1969లో వెలువడిన సి.బి. 750 ఆయన కీర్తికి శిఖరము. 736 సి.సి., 67 గుర్రముల బలము, అడ్డముగా వరుసదీరిన నాలుగు సిలిండర్లు, ముందుచక్రమునకు డిస్కు బ్రేకు. ఏడాదికి 1,500 అమ్ముదురని అంచనా వేయగా, నెలకే అన్ని కావలసివచ్చెను. నేడు అమెరికా, యూరపు, జపాను దేశములలో ఈ బండిని ఇంటి షెడ్డులో విప్పి, తిరిగి నిలబెట్టువారు వేలకొలది కలరు. తొలి 7,414 బండ్ల ఇంజను పెట్టెలు గరుకైన పోతతో వచ్చినందున వానిని వారు నిధులవలె వెదకుదురు. వారి పనిని కొంచెము చూచినచో హోండా మనస్సు మనకు అర్థమగును.

ఏండ్ల తరబడి మూలబడిన బండి తొట్టిలో త్రుప్పు పేరుకొనును. కార్బ్యురేటరులోని సన్నని రంధ్రములు ఎండిన పెట్రోలు జిగురుతో పూడిపోవును. తొందరపడి స్టార్టు చేయువాడు త్రుప్పును లోనికి లాగి పాడుచేయును. కావున తెలిసినవాడు మొదట కడుగును. ఇంజను పెట్టెపై అడ్డుగాడి స్క్రూలుండును. చూచుటకు సామాన్యమైన ఫిలిప్స్ స్క్రూలవలె నుండును గాని గాడి కొలత జపాను ప్రమాణమునకు చెందినది. తగని స్క్రూడ్రైవరుతో బలము చూపినవాని చేతిలో గాడి అరిగి స్క్రూ అచ్చటనే నిలిచిపోవును. హోండా జేబులో వచ్చినదని చెప్పు ఆ స్క్రూ, అరువదేండ్ల తరువాత కూడ, తొందరపాటును శిక్షించుచునే యున్నది.

పిమ్మట శ్రుతి చేయుట. దీనికి క్రమము కలదు. మొదట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ట్యాపెట్ల సందు సరిచూడవలెను. గాలి లోనికి వచ్చు కవాటమునకు 0.05 మిల్లీమీటరు, పొగ వెలికి పోవు కవాటమునకు 0.08 మిల్లీమీటరు. తలవెండ్రుక మందముతో పోల్చదగిన సందు అది. తరువాత పాయింట్ల సందు 0.3 నుండి 0.4 మిల్లీమీటరు వరకు నుండునట్లు దిద్ది, నిప్పురవ్వ రావలసిన క్షణముననే వచ్చునట్లు అమర్చవలెను. చిట్టచివరకు మాత్రమే నాలుగు కార్బ్యురేటర్లను ఒకదానితో నొకటి సరితూచవలెను. నాలుగింటికి పీడనమాపకములు తగిలించి, నాలుగు కొలతలును ఒక్క మట్టమునకు వచ్చువరకు మరలను అణువణువుగా త్రిప్పుదురు. ఒకటి ఎక్కువ పీల్చినచో ఇంజను వణకును. నాలుగును సమమైనచో ఆ వణకు తగ్గి శబ్దము ఏకధారయగును. వీణలో ఒక తంత్రి తప్పినను రాగము చెడునట్లే ఇదియు. ట్యాపెట్లు, నిప్పు సరిచూడక కార్బ్యురేటర్లతో కుస్తీపట్టువాడు కొలతలను కలుపగలడు గాని ఇంజనును కలుపలేడు. మూలదోషమును వదలి పైదోషమును దిద్దరాదనునదే ఆ విద్యకు ప్రథమ సూత్రము.

ఇంతటి చెవి కలవాడు తన మనస్సులోని అపశ్రుతిని మాత్రము ఆలస్యముగా వినెను. హోండా కోపిష్ఠి. పని తప్పినవానిపై అరచుటయే కాక చేయి చేసికొనెడివాడు. చేతనున్న పనిముట్టు విసరెడివాడు. యువకులు ఆయనకు పిడుగు తాత అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఇంజనును గాలితోనే చల్లబరుపవలెనని ఆయన పట్టుదల. నీటితో చల్లబరుచుటయే కార్లకు శ్రేయమని యువ ఇంజనీర్లు ఎంత చెప్పినను వినలేదు. 1968 జూలై 7వ తేదీన ఫ్రాన్సులోని రువాన్ పందెమున, గాలితో చల్లబడు హోండా పందెపు కారు ప్రమాదమునకు గురికాగా జో ష్లెస్సర్ అను ఫ్రెంచి చోదకుడు మంటలలో మరణించెను. ఆ తరువాత కూడ, 1969లో, హోండా 1300 అను కారును ఆయన గాలి ఇంజనుతోనే వెలువరించెను. అది వ్యయమెక్కువ, లాభము తక్కువ అయ్యెను.

ఇంజనీర్లు ఫుజిసావాను ఆశ్రయించిరి. ఆయన హోండాను చూచి, సంస్థకు అధ్యక్షుడుగా ఉండదలచితివా, లేక ఇంజనీరుగా ఉండదలచితివా అని మాత్రము అడిగెను. హోండా కొంతసేపు మౌనముగా నుండి అధ్యక్షుడుగా ఉందుననెను. అనగా నీటి ఇంజనుకు దారి విడిచెను. కొలిమి యొద్ద పుట్టి, ప్రతి యంత్రమును తన చెవితో తీర్చినవానికి ఆ మాట ఎంత కష్టమో ఊహింపవలసినదే. ఆ యువకులే 1972లో సి.వి.సి.సి. అను ఇంజనును తయారుచేసిరి. అమెరికా దేశపు కఠినమైన పొగ నియమములను, ఇతర సంస్థలు అసాధ్యమనుచుండగా, అది నెరవేర్చెను. అమెరికా మహాసంస్థలను మించుటకు ఇది అదనని హోండా సంతోషించెను. తాము పని చేసినది ఆ పోటీ కొరకు కాదు, జనులు పీల్చు గాలి కొరకని యువకులు చెప్పిరి. తన కాలము ముగిసినదని ఆయన అప్పుడు గ్రహించెను. 1973 అక్టోబరులో, అరువదియారేండ్ల వయస్సున, ఫుజిసావాతో కలిసి పదవి విడిచెను. తరువాతి అధ్యక్షుడు, హకోనె కనుమపై వానలో బండి నడిపిన కవాషిమా. అతనికి అప్పుడు నలుబదియైదేండ్లు.

పదవి విడిచిన తరువాత ఏడాదిన్నరపాటు హోండా జపానంతట తిరిగి, సంస్థ కర్మాగారములను, చిన్న చిన్న దుకాణములను సైతము దర్శించి, పనివారి చేతులను తన చేతులలోనికి తీసికొని కృతజ్ఞత చెప్పెను. నూనె చేతిని కడుగుకొని వచ్చెదనని ఒక పనివాడు వెనుకకు లాగుకొనగా, వలదని ఆ చేతినే పట్టుకొని ఆ నూనె వాసనను ప్రీతితో పీల్చెనని చెప్పుదురు. ఊరిలోనికి తొలి కారు వచ్చిన నాటి బాలుడు ఆయనలో ఇంకను బ్రతికియుండెను. ఆయన ఎడమచేయి గాయపు మచ్చలతో నిండియుండెను. కుడిచేయి సుత్తి యెత్తును, ఎడమచేయి దెబ్బ తినును. పని చేయునది ఒకటి, భరించునది ఒకటి. తన చేతులను గూర్చి ఆయన ఒక గ్రంథమునే వ్రాసెను.

1991 ఆగస్టు 5వ తేదీన, ఎనుబదినాలుగేండ్ల వయస్సున, ఆయన కన్నుమూసెను. సంస్థ పక్షమున గొప్ప అంత్యక్రియలు జరుపరాదని ఆయన ముందే చెప్పియుండెను. కార్లు చేసినవాని మరణముచే రోడ్లపై రాకపోకలకు అడ్డంకి కలుగరాదని ఆయన యభిప్రాయము.

ఈ కథనుండి విద్యార్థులు నేర్వదగినదేమి? పరీక్షలు వ్రాయక పోయినను గొప్పవారు కావచ్చునని కాదు. ముప్పది దాటిన తరువాత చిన్నవారి ప్రక్కన కూర్చుండి లోహశాస్త్రము వినినవాడు చదువును తృణీకరించినవాడు కాడు. సిలికాను లేని లోహమువలె, శాస్త్రము లేని చేయి పెళుసు. చేయి లేని శాస్త్రమును అంతే. చెడినదానిని ఓపికతో విప్పి, దోషమెచ్చటనో కనుగొని, క్రమము తప్పక దిద్దినవానికి, ఆ వస్తువును చేసినవాని మనస్సు దొరకును. తరువాత తానొక క్రొత్తదానిని చేయు శక్తి కలుగును. మరమ్మతు సృష్టికి దాసి కాదు, తల్లి. ఇది తెలిసిన ఉపాధ్యాయుడు తరగతిలో పాత గడియారమును విప్పుచు పట్టుబడిన బాలుని దండించుటకు ముందు, అది మరల కూర్చగలవా యని ఒకసారి అడుగును.